అందుగులగుట్ట యోగ్యతా పత్రం

అందుగులగుట్ట మీద అందుగు చెట్లున్న సంగతి గూడెంలో నడక నేర్చిన ప్రతి బిడ్డకూ తెలుసు. ప్రభుత్వానికి మాత్రం అందుకు రుజువు కావలసి వచ్చింది.

ఆ ఏడు రాజధానిలో ఎవరో పెద్దాయన సాంబ్రాణి పొగ పీల్చి పరవశించిపోయాడట. ఈ పరిమళం అందుగు లాంటి చెట్ల బంకలోంచి వస్తుందని పక్కవాళ్లు చెబితే, అయితే రాష్ట్రమంతా ఆ చెట్లే నాటించండి అన్నాడట. నెల తిరక్కుండా 'సుగంధ నిర్యాస వృక్ష సమగ్ర వికాస పథకం' పుట్టుకొచ్చింది. మనం బంక అనేదాన్ని సర్కారువారు నిర్యాసం అంటారు. పథకానికి జిల్లాకో కార్యాలయం, కార్యాలయానికి ఒక సంచాలకుడు, సంచాలకుడికి ఒక కారు, కారు అద్దాలకు తెరలు అమిరాక, ఇక చెట్ల సంగతి చూడక తప్పలేదు. నేలా వాతావరణమూ సరిపడితేనే కదా ఏ చెట్టయినా పెరిగేది! కాబట్టి ముందుగా ప్రతిచోటా యోగ్యత మదింపు జరగాలనీ, యోగ్యతా పత్రం లేనిచోట బంక చెట్టు ఉండరాదనీ, ఉన్నా దాని బంక తీయరాదనీ ఉత్తర్వు వెలువడింది. "నాటబోవు చెట్లకు వర్తించును" అని ఊరుకుంటే సరిపోయేది. ఉత్తర్వు రాసిన గుమాస్తా చెయ్యి ఊరుకోక "నాటబోవు మరియు ఇదివరకే ఉన్న" అని రాసింది. ఆ నాలుగు మాటలూ ఘాట్‌రోడ్డెక్కి, నల్లమల దాటి, చివరికి భూమని ఈదమ్మ నెత్తిన వచ్చి పడ్డాయి.

ఈదమ్మ చెంచు గూడెం మనిషి. యాభై దాటాయి. గుట్ట మీద మొత్తం నాలుగు వందల పన్నెండు అందుగులుంటే, వాటిలో ముప్ఫై ఎనిమిది ఆమె ఇంటివి. ఇంటివంటే పట్టా కాగితం ఉందని కాదు. వాళ్ల అవ్వ గీసింది, అమ్మ గీసింది, ఇప్పుడు ఆమె గీస్తోంది. ఒకరి చెట్టు మీద ఇంకొకరు కత్తి పెట్టరు. కార్తీకం వెళ్లాక బెరడు మీద అరచేయంత మేర పైపైన చెక్కుతారు. కత్తి బెరడు దాటి మానుకు తగలకూడదు. నాలుగు రోజులకు తేనెరంగు బొట్లు దిగి గడ్డకడతాయి. ఒక ఏడు చెక్కిన చోటు పూర్తిగా మానేదాకా మళ్లీ ఆ చెట్టు జోలికి పోరు. వానాకాలం దాకా ఈదమ్మ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ బంకతోనే.

ఆ ఏడు కత్తి నూరుకుంటూ ఉండగా చెక్‌పోస్టు నుంచి కబురొచ్చింది. యోగ్యతా పత్రం చూపించనిదే గుట్ట మీది నుంచి బంక బుట్ట కిందికి దిగడానికి వీల్లేదట.

"యోగ్యత నాకా, చెట్టుకా?" అని అడిగింది ఈదమ్మ.

"నేలకంట," అన్నాడు కబురు తెచ్చినవాడు.

అలా అయితే ఫరవాలేదనుకుంది పాపం. నేల ఎక్కడికీ పోదు కదా, వచ్చి చూసుకుంటారులే అనుకుని కత్తి పక్కన పెట్టింది.

వారం తర్వాత జీపు వచ్చింది. అందులోంచి ప్రత్యేక మదింపు అధికారి శేషఫణి దిగాడు. ఆయన వెనక గునపం, పార, బకెట్టు, సంచులు మోస్తూ నాగూర్‌వలి దిగాడు. చదువు, జీతం, టోపీ ఆయనవి. గుంటలు తవ్వడం వలిది.

"ఏమ్మా, ఈ ప్రాంతపు స్థానిక భాగస్వామివి నువ్వేనా?"

"నేను ఈదమ్మను సారూ."

"అదే. నేల నమూనా సేకరణలో సహకరించాలి," అంటూ శేషఫణి సంచిలోంచి ఒక పుస్తకం తీసి కళ్లకద్దుకున్నంత పని చేశాడు. "ఏడవ నియమం. నమూనాను చెట్ల నీడలో తీయరాదు."

ఆ నియమం ఎప్పుడో మెట్టపొలాల కోసం రాసింది. చేని మూలనున్న వేపచెట్టు కింద మట్టి తీస్తే చేను సంగతి తెలియదని దాని భావం. కొత్త పథకం వాళ్లకు కొత్త పుస్తకం రాసే తీరిక దొరక్క, పాత పుస్తకానికే కొత్త అట్ట వేశారు. ఇప్పుడు నాలుగు వందల పన్నెండు చెట్ల మధ్య నీడలేని చోటు వెతకాలి.

వెతికారు. పొద్దున పదింటికి ఒక బండ పక్కన ఎండ పడుతోందని వలి గునపం పోటు వేశాడు. గుంట మోకాటిలోతు దిగేసరికి నీడ జరిగొచ్చి అందులో కూర్చుంది. పూడ్చేసి ఇంకోచోట తవ్వారు. అక్కడికీ వచ్చింది. మధ్యాహ్నానికి ఆరు గుంటలు తవ్వి ఆరూ పూడ్చాక వలి పార మీద చెయ్యానించి, "సార్, నీడకు మనం వచ్చినట్టు తెలిసిపోయింది," అన్నాడు.

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెట్టు నీడ పడని చోటు ఈ గుట్ట మీద లేనేలేదా?" అని శేషఫణి ఈదమ్మ మీద విసుక్కున్నాడు.

ఈదమ్మకు అబద్ధమాడడం చేతకాదు. "ఎందుకు లేదు సారూ, చవుటిమడి ఉంది. ఆ కొసన. ఆడ చెట్టు గాదు గదా గడ్డిపరక గూడా మొలవదు. ఎనకట బట్టలుతికే చవుడు ఆణ్ణించే తీసకపోయేది. జింకలొచ్చి నాకి పోతాయి, అంతే."

"చెట్లు లేవు కదా?"

"ఒక్కటీ లేదు."

"అదీ కావలసింది! పద."

"అయ్యో సారూ, నేల చెడ్డది గాబట్టే ఆడ చెట్లు లేవు. ఆ మన్ను తీసకపోతే ఏం తెలుసుద్ది?"

శేషఫణి ఆగి వేలు చూపించాడు. "మదింపుకు ముందే ఫలితాన్ని సూచించడం అంటే మదింపును ప్రభావితం చేయడం. అది శిక్షార్హం. ఈసారికి క్షమిస్తున్నాను."

చవుటిమడిలో పుస్తకం చెప్పినట్టే అంతా జరిగింది. వలి గుంట తవ్వి గోడల నుంచి మట్టి గీకాడు. కుప్ప పోసి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారేశాడు. మిగిలినదాన్ని మళ్లీ నాలుగు చేశాడు. చివరికి అరకిలో మిగిలాక గుడ్డసంచిలో పోసి మూతి కట్టాడు. ఇంత శ్రద్ధగా చేసిన తప్పును ఈదమ్మ జన్మలో చూడలేదు.

పదిహేను రోజులకు ఫలితం వచ్చింది. గుట్టకు కాదు, చెట్లకే. శేషఫణి మనుషులను తెచ్చి ఒక్కో చెట్టుకు ఒక్కో నోటీసు, దాంతో పాటు మదింపు నివేదిక నకలు, నాలుగంగుళాల మేకుతో కొట్టించాడు. నేల యోగ్యత లేకుండా ఏ అధికారంతో పెరిగారో పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని నోటీసు. చెట్లను ఉద్దేశించి "తమరు" అని గౌరవంగానే రాశారు. గుట్ట పేరు కూడా ప్రజలను తప్పుదోవ పట్టించేలా ఉందని, మార్చే విషయం పరిశీలనలో ఉందని కింద ఒక చేర్పు.

ఈదమ్మకు ఆ కాగితాల కంటే మేకులు చూసి కడుపు మండిపోయింది. మూడు తరాల్లో ఎవరి కత్తీ మానును తాకలేదు. వీళ్ల మేకులు బెరడు దాటి మానులోకి దిగబడ్డాయి. ప్రతి మేకు చుట్టూ బంక ఉబికొచ్చి కాగితం మీదికి జారుతోంది.

"చూడండి సారూ, కారతంది గదా! నేల మంచిది గాకపోతే ఇంత బంక యాణ్ణించొచ్చింది?"

శేషఫణి కళ్లద్దాలు సరిచేసుకుని దగ్గరికెళ్లి చూశాడు. వేలితో తాకాడు. వేలు అంటుకుంది. పీకి, రుమాలుతో తుడిస్తే రుమాలూ అంటుకుంది.

"యోగ్యత లేని నేలలో వచ్చేది నిర్యాసం కాదమ్మా. తేమ," అని రుమాలు వేలాడుతుండగానే జీపెక్కాడు.

ఆ సాయంత్రం ఈదమ్మ, ఆమె మొగుడు బయ్యన్న తమ ముప్ఫై ఎనిమిది చెట్లకూ ఉన్న మేకులు పీకి, గాయాలకు తడిమట్టి మెత్తారు. కాగితాలన్నీ బుట్టలో వేసుకుని ఇంటికి తెచ్చారు. బయ్యన్న తక్కువ మాట్లాడే మనిషి. "పోయి పెద్ద సారును అడుగుదాం," అన్నాడు. అతను ఏడాదిలో అన్న పెద్ద మాటల్లో అదొకటి.

జిల్లా పట్నం వెళ్లేసరికి వాయుగుండం పట్టి కుండపోతగా వాన. బస్టాండు నుంచి కార్యాలయం దాకా నడిచి ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. సంచాలకులు డాక్టర్ విశ్వంభరం గదిలోకి అడుగు పెడితే చలికి పళ్లు టకటకలాడాయి.

"కూర్చోండమ్మా. క్షేత్రస్థాయి ప్రజలంటే నాకు ప్రత్యేక అభిమానం," అన్నాడాయన. "మీ గుట్ట నేలే కాదు, వాతావరణం కూడా అనుకూలించలేదు. మీకు అతి సమీప వాతావరణ కేంద్రం మా కార్యాలయమే. ఏడాది పొడవునా సగటు ఉష్ణోగ్రత ఇరవై మూడు డిగ్రీలు." ఆయన వెనక గోడకు ఉష్ణమాపకం వేలాడుతోంది. దాని నెత్తిన చల్లగాలి మిషను పనిచేస్తోంది. "సున్నిత పరికరం కదా, ఎండలో పెడితే పాడవుతుంది. ఇక వర్షపాతం, సున్నా."

ఈదమ్మ చీరకొంగు నుంచి నీళ్లు కారి గచ్చు మీద మడుగు కట్టాయి. కిటికీ అవతల వర్షమాపకం కనబడుతోంది. దానికి ప్లాస్టిక్ పట్టా కప్పి తాడుతో బిగించి కట్టారు.

"దానికి ముసుగెందుకు సారూ?"

"తడిస్తే తుప్పు పడుతుంది. ప్రభుత్వ ఆస్తి. మొత్తం మీద మీది శీతల ఎడారి, అమ్మా. అందుగు వంటి వృక్షానికి వెచ్చదనం కావాలి, ఓ మోస్తరు వాన కావాలి, నీరు నిలవని గులక నేల కావాలి. జిల్లా అంతా గాలించాం. ఆ లక్షణాలున్న నేల ఒకే ఒక్కచోట దొరికింది." ఆయన మొహం వెలిగిపోయింది. "మా కార్యాలయ ఆవరణ! చెట్లు లేవు కనక నమూనా ఎక్కడ తీసినా నియమబద్ధమే. నూటికి తొంభై ఎనిమిది మార్కులు."

బయ్యన్న కిటికీ దగ్గరికెళ్లి ఆవరణలోకి తొంగి చూశాడు. ఎర్రటి గులక. వాననీళ్లు పడ్డవి పడ్డట్టే ఇంకిపోతున్నాయి.

"ఇది మన గుట్ట మొరం," అన్నాడు.

నిజమే. మొన్న వేసవిలో కొత్త భవనం ముందు పల్లం పూడ్చడానికి నలభై ట్రాక్టర్ల మొరం అందుగులగుట్ట నుంచే తోలారు. ఈదమ్మ చెట్ల పక్కనుంచే ట్రాక్టర్లు తిరిగాయి.

"అయితే ఇంకేం సారూ! మా నేలేగా మీకాడ మంచి మార్కులు తెచ్చుకుంది. ఆ కాయితమే మా గుట్టకూ రాయండి."

విశ్వంభరం జాలిగా నవ్వాడు. "మార్కులు మట్టికి కావమ్మా, స్థలానికి. అయినా నిరాశపడకు. నీ సమస్యకు పరిష్కారం ఆలోచించాను. అడ్డంకి అంతా నీడే కదా. ఆ నాలుగు వందల పన్నెండు చెట్లూ కొట్టేయిస్తాను. నీడ పోతుంది. గుట్ట నడిబొడ్డున చక్కగా నమూనా తీస్తాం. తప్పకుండా యోగ్యత వస్తుంది. రాగానే పథకం కింద నాలుగు వందల అందుగు మొక్కలు ఉచితంగా నాటిస్తాను."

ఈదమ్మ బల్ల మీదికి వంగింది. "ఉండే అందుగుల్ని కొట్టి, మళ్లీ అందుగులే నాటతారా?"

"అవి వేరు, ఇవి వేరు. ఇవి యోగ్యత గలవి."

"అయి ఎదిగి బంకిచ్చేసరికి నేనుండను సారూ! పోనీ మాఘం దాకా ఆగండి. అందుగు ఆకంతా రాల్చేసుద్ది. నీడుండదు. అప్పుడు తీసుకోండి మన్ను."

ఈ మాటకు సంచాలకులు నియమావళి తెప్పించి చదివాడు. చాలాసేపు చదివాడు. "నియమంలో చెట్టు నీడ అని ఉంది, ఆకు నీడ అని లేదు. మోడుకూ సన్నటి నీడ ఉంటుంది. వచ్చే సోమవారం కొట్టివేత," అని లేచి నమస్కారం పెట్టాడు. ఆయన ఎవరికైనా నమస్కారం పెట్టాడంటే ఇక వెళ్లమని అర్థం.

తిరుగు బస్సులో ఈదమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆకలికి ఏడ్చే మనిషి కాదు, అడవిలో ఏదో ఒకటి తవ్వుకుని తింటుంది. ఆ ముప్ఫై ఎనిమిదిటినీ ఆమె బిడ్డలను ఎరిగినట్టు ఎరుగును. ఏది తొందరగా కారుతుందో, ఏది మొండికేస్తుందో, ఏ చెట్టు మీద వాళ్లమ్మ కత్తి గాటు మచ్చగా మిగిలిందో కళ్లు మూసుకుని చెప్పగలదు. వాటిని తనకు మేలు చేయడానికే కొట్టేస్తున్నారన్న మాట ఆమెకు ఎంత ఆలోచించినా మింగుడు పడలేదు.

ఆదివారం పొద్దున్నే నాగూర్‌వలి సైకిలేసుకుని గూడేనికి వచ్చాడు. ఆ గుడ్డసంచి మూతి కట్టింది తన చేతులే అన్న బాధ అతన్ని నిలవనీయలేదు.

"క్షమించక్కా. నేను చేసేదేం లేదు. మాట చెబ్దామని వచ్చా."

"మాట ఎందుకబ్బాయ్, చదువొచ్చు గదా నీకు. ఈ కాయితంలో ఏం రాసిండారో సదువు. కోర్టు కాయితం లాగుంది. ఏం తప్పు చేశామో తెలిస్తే కాస్త నిదరన్నా పడద్ది."

వలి బంకతో అట్టకట్టుకుపోయిన నివేదికను మెల్లగా విడదీసి చదివాడు. "అందుగులగుట్ట అను ప్రదేశమున అందుగు చెట్టు మొలకెత్తుటకు గాని, జీవించుటకు గాని, పెరుగుటకు గాని ఎట్టి అవకాశమూ లేదని శాస్త్రీయముగా నిర్ధారణ కావించడమైనది. కాగా గుట్టపై ఒక్క అందుగు చెట్టు సైతము ఉండజాలదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

ఈదమ్మ ముందుకు జరిగి కూర్చుంది. "ఇంకోసారి సదువు."

చదివాడు.

"ఒక్కటి గూడా ఉండదనే గదా?"

"ఉండజాలదు, అక్కా."

"కింద ఏలుముద్ర ఎవురిది?"

"వేలిముద్ర కాదు, సంతకం. మా సారుది. పైన పెద్ద సారుది."

ఈదమ్మ ఆ కాగితాన్ని మడిచి రొంటిన దోపుకుంది. వారం రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. బయ్యన్నను పిలిచి, గూడెంలో ఎవరూ రేపు గొడ్డళ్లకు, కర్రలకు పోవద్దని చెప్పమంది.

సోమవారం శేషఫణి నాగూర్‌వలితో, పన్నెండు మంది కోతవాళ్లతో, రెండు యంత్రపు రంపాలతో దిగాడు. గూడెం మొత్తం గుట్ట మీద కూర్చుని ఉంది. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. అది చూసి ఆయనకు గుబులు పుట్టింది.

"ఆటంకపరచడం నేరం," అన్నాడు ముందుగానే.

"మేమెందుకడ్డం పడతాం సారూ," అంది ఈదమ్మ లేచి. "ఏం కొడతారో చదవండి."

"నాలుగు వందల పన్నెండు అందుగు చెట్లు."

"కొట్టండి. అందుగు చెట్టు యాడుందో చూపించి కొట్టండి."

శేషఫణి పక్కనున్న చెట్టు మీద చెయ్యి వేశాడు. "ఇదుగో."

"ఇది అందుగా?" ఈదమ్మ చెంపలు నొక్కుకుంది. "ఒరే వలీ, ఈ కాయితం సదువు."

వలి నివేదికను అవసరమైన దానికంటే గట్టిగా చదివాడు. "ఒక్క అందుగు చెట్టు సైతము ఉండజాలదు" అన్నచోట గూడెమంతా తలలూపింది.

"విన్నారు గదా. ఇది అందుగయితే ఈ కాయితం అబద్ధం. కాయితం నిజమయితే ఇది అందుగు గాదు. ఏది చెప్తే అది వింటాం సారూ. అబద్ధం కాయితం మీద సంతకం చేసినోళ్లనేమంటారో మాకు తెల్వదు, మేం చదువుకోలా."

శేషఫణి చెట్టు మీంచి చెయ్యి తీయబోయాడు. అంటుకుపోయింది. రెండో చేత్తో పీక్కుని, చెట్టును, కాగితాన్ని, మళ్లీ చెట్టును చూశాడు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆయన సంతకాన్ని ఎవరూ ఇంత నమ్మకంగా ఆయన మీదికే తేలేదు. రంపాలవాళ్లు బీడీలు ముట్టించారు. ఆయన బండ మీదికెక్కి సంచాలకులకు ఫోను చేశాడు.

పరిస్థితి విన్న విశ్వంభరం అరగంట ఆలోచించుకుంటానన్నాడు. ముప్పావుగంటకు ఫోను మోగింది. గుట్టంతా వినబడేలా ఆయన గొంతు పలికింది.

"నివేదిక శాస్త్రీయమైనది. దాన్ని ప్రశ్నించడానికి వీల్లేదు. కావున గుట్టపై అందుగు చెట్లు లేవు."

"మరి ఇవి సార్?"

"ఏవి?"

"నా ముందున్నవి."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "మన జాబితాలో లేని వృక్షాలను 'ఇతరములు' అంటాం. ఇతరములు మన పథకం కిందికి రావు. వాటికి యోగ్యత అక్కర్లేదు, కొట్టే అధికారం మనకు లేదు. ఇలా రాసుకో. కొట్టవలసిన అందుగులు సున్నా. కొట్టినవి సున్నా. మిగిలినవి సున్నా. నూరు శాతం లక్ష్య సాధన. అభినందనలు!"

"మరి వాటి నుంచి కారేది సార్? చెక్‌పోస్టులో ఏమని రాయాలి?"

ఈసారి అవతల ఇంకా చాలా కాగితాలు తిరిగాయి. "గుర్తు తెలియని వృక్షముల స్వచ్ఛంద స్రావము. దానికి పత్రం అక్కర్లేదు."

శేషఫణికి ఆ ఏడు ఉత్తమ మదింపు అధికారి ప్రశంసాపత్రం వచ్చింది. మొత్తం జిల్లాలో నూరు శాతం లక్ష్యం సాధించినవాడు ఆయనొక్కడే.

జీపు గుట్ట దిగి వెళ్లిపోయాక గూడెంవాళ్లు ఎవరి చెట్ల దగ్గరికి వాళ్లు పరుగెత్తారు. అప్పటికే నెల ఆలస్యమైంది. ఈదమ్మ తన మొదటి చెట్టు దగ్గర నిలబడి, కత్తి అంచు బొటనవేలితో చూసుకుని, బెరడు మీద పైపైన అరచేయంత మేర చెక్కింది. చెక్కినచోట సన్నగా చెమ్మ మెరిసింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అటూ ఇటూ ఎవరూ లేరని చూసుకుని, మాను మీద చెంప ఆనించి చెట్టు చెవిలో చెప్పినట్టు చెప్పింది:

"కడుపునిండా కారమ్మా. సర్కారోళ్లు ఎవురన్నా వచ్చి అడిగితే మాత్రం నీ పేరు చెప్పబాక."